బ్రౌన్ ఇంకు ఎంపిక: సన్న పాళీకి ఏది, వెడల్పు పాళీకి ఏది?

కొత్తకలం

రోజువారీ రాతకి ఒక బ్రౌన్ ఇంకు కావాలి. వివరాలన్నీ ముందే పెడుతున్నాను.

ఫౌంటెన్ పెన్నులు రెండు. ఒకటి పైలట్, ఫైన్ (సన్న) పాళీ, కాన్-40 కన్వర్టర్ (ఇంకు నింపుకునే చిన్న గొట్టం). రెండోది ట్విస్‌బీ ఎకో, బ్రాడ్ (వెడల్పు) పాళీ. ఫైన్‌తో 80 జీఎస్ఎం మామూలు కాపీ పేపరు మీద నోట్సు, బ్రాడ్‌తో మీగడ రంగు కాగితం ఉన్న డైరీ.

చూడగానే బ్రౌన్ అని తెలియాలి, నలుపులా ఉండకూడదు. అలాగని చదవడానికి కళ్లు చికిలించాల్సి రాకూడదు. వారం రోజులు ముట్టకపోయినా పెన్ను మొదటి గీతకే రాయాలి. బ్రాడ్‌లో షేడింగ్ (ఒకే గీతలో ముదురు-లేత తేడా) కనిపిస్తే సంతోషం. తడి తగిలినప్పుడు అక్షరం మొత్తం కొట్టుకుపోకుండా ఉంటే ఇంకా మంచిది.

నా జాబితా: డయమీన్ ఏన్షెంట్ కాపర్, పైలట్ ఇరోషిజుకు యమగురి, ఎర్బాన్ లీ ద తే, పెలికాన్ 4001 బ్రిలియంట్ బ్రౌన్. రెండు పెన్నులకీ ఒకే సీసా సరిపోతుందా?

సిరాబుడ్డి

సరిపోదు. సరిపెట్టుకోవచ్చు, అంతే.

జపాన్ ఫైన్ అంటే యూరప్ కంపెనీల ఎక్స్‌ట్రా ఫైన్ అంత సన్నం. అంత సన్న గీతలో కంటికి ముందు తెలిసేది కాగితానికీ గీతకీ మధ్య ముదురు-లేత తేడా. రంగు ఆ తర్వాతే. అందుకని ముదురు బ్రౌన్ ఏదైనా ఫైన్‌లో నలుపుకి దగ్గరగా పోతుంది, లేత బ్రౌన్ వెలిసిపోయిన రాతలా ఉంటుంది. మధ్యస్థంగా ఉండి, ఎరుపు వైపు మొగ్గే బ్రౌన్ ఒక్కటే అక్కడ బ్రౌన్‌లా నిలబడుతుంది.

మీ జాబితాకే వస్తే, యమగురి చాలా ముదురు, కొంచెం ఊదా ఛాయ ఉన్న బ్రౌన్. బ్రాడ్‌లో అందంగా ఉంటుంది, ఫైన్‌లో అది బ్రౌన్ అని మీకు తప్ప ఎవరికీ తెలియదు. లీ ద తే పసుపు-ఆకుపచ్చ వైపు పోయే లేత రంగు. ఫైన్ పాళీ, పైగా మీగడ రంగు కాగితం అయితే చదవడం కష్టం. వెడల్పు పాళీలో మాత్రం షేడింగ్ కావలసినంత. పెలికాన్ బ్రౌన్ ఎర్రగా ఉంటుంది, ధార (పాళీలోంచి ఇంకు దిగే జోరు) తక్కువ. ధార బాగా ఎక్కువ ఉన్న పెన్నుకి అది మందు. అసలే పొదుపుగా రాసే ఫైన్‌లో పోస్తే గీత తెగుతుంది.

ఇరోషిజుకులోనే త్సుకుషి అని ఇంకోటి ఉంది, ఎర్ర బ్రౌన్. ధార బాగుంటుంది. మీ ఫైన్‌కి ముందు దాన్ని చూడండి. ఏన్షెంట్ కాపర్ సంగతి మిగతావాళ్లు ఎలాగూ ఎత్తుతారు.

మసిగుడ్డ

ఎత్తుతున్నాను. ఏన్షెంట్ కాపర్ రంగుకి నూటికి నూరు మార్కులు, ప్రవర్తనకి యాభై. పాళీ మీద, ముఖ్యంగా చీలిక పొడుగునా, గాలి రంధ్రం చుట్టూ ఎర్రటి పొక్కు కడుతుంది. క్యాప్ తీయగానే పాళీ తుప్పు పట్టిందా అనిపిస్తుంది. వారం ముట్టకపోయినా మొదటి గీతకే రాయాలన్న మీ షరతుకి ఇది సరిపడదు.

ఎబొనైట్_ఫీడ్

అంత కొట్టిపారేయక్కర్లేదు. ఆ పొక్కు ఎందుకు కడుతుందో తెలిస్తే భయం పోతుంది.

చీలికలోంచి వచ్చిన ఇంకు పలచటి పొరగా పాళీ పైకి పాకుతుంది. ఇది అన్ని ఇంకులతోనూ కొంతవరకు జరిగేదే. పాళీ పై పూత ఎంత నున్నగా ఉంది, ఇంకులో తలతన్యతని తగ్గించే పదార్థం ఎంత ఉంది అన్నదాన్ని బట్టి ఎక్కువ తక్కువలు. ఆ పొరలో నీరు ఆవిరయ్యాక మిగిలేది రంగు పదార్థం. ఏన్షెంట్ కాపర్‌లో రంగు మోతాదు ఎక్కువ కాబట్టి మిగిలేదీ ఎక్కువే. కంటికి కనిపించేంత దట్టంగా పేరుకుంటుంది. అది తుప్పు కాదు, నీళ్లలో మళ్లీ కరిగిపోతుంది. పాళీకి హాని లేదు.

అసలు చూడాల్సింది క్యాప్. క్యాప్ లోపలికి గాలి వెళ్తుంటే నీరు త్వరగా పోతుంది, పొక్కు పెరుగుతుంది. పరీక్ష తేలిక: క్యాప్‌ని కడిగి ఆరబెట్టి, మూతికి ఆనించి గాలి పీల్చండి. పెదవికి అంటుకుని నిలబడితే సీలు బాగున్నట్టు. గాలి జారిపోతుంటే ఆ పెన్నులో రంగు దట్టంగా ఉన్న ఇంకు ఏదీ వద్దు, అది బ్రౌన్ అయినా ఇంకోటైనా.

క్యాప్ బాగుంటే వెడల్పు పాళీలో ఏన్షెంట్ కాపర్ హాయిగా రాస్తుంది. మొదట్లో పొక్కు ఉంటే తడి గుడ్డతో ఒకసారి ఒత్తి తీస్తే చాలు. టిష్యూతో రుద్దకండి, పోగులు చీలికలో ఇరుక్కుంటాయి.

మసిగుడ్డ

పాళీకి హాని లేదన్నది ఒప్పుకుంటాను. కానీ రోజూ తుడుచుకుంటూ వాడే ఇంకుని రోజువారీ ఇంకు అనడం నాకు నచ్చదు. అదే వరసలో అంత పొక్కు కట్టనివి ఉన్నాయి. ముదురు కావాలంటే డయమీన్ చాకొలెట్ బ్రౌన్, కొంచెం లేత కావాలంటే శాడిల్ బ్రౌన్.

ఎబొనైట్_ఫీడ్

చాకొలెట్ బ్రౌన్ ఫైన్‌లో నలుపే. సిరాబుడ్డి గారు చెప్పిన యమగురి సమస్య దానికీ ఉంది. శాడిల్ బ్రౌన్ సరే.

కొత్తకలం

క్యాప్ పరీక్ష చేశాను. ఎకో గట్టిగా పట్టుకుంది, పైలట్ కొంచెం జారుతోంది. అంటే ఫైన్‌లో పలచటి ఇంకు, ఎకోలో ఏదైనా అన్నమాట. తడికి ఆగడం గురించి ఎవరూ చెప్పలేదు. బ్రౌన్‌లో వాటర్‌ప్రూఫ్ ఉన్నాయా?

చుక్కమరక

ఉన్నాయి. కానీ ముందు మామూలు బ్రౌన్‌లు తడిస్తే ఏమవుతాయో చెప్తాను, ఎందుకంటే ఇది బ్రౌన్‌కే ఉన్న ఇబ్బంది.

మామూలు డై ఇంకుల్లో (రంగు నీళ్లలో కరిగి ఉండేవి) బ్రౌన్ సాధారణంగా ఒకే రంగు పదార్థం కాదు. పసుపు లేదా నారింజ, ఎరుపు, నీలం లేదా నలుపు కలిపి తెచ్చిన రంగు. నీళ్లు పడినప్పుడు ఇవన్నీ ఒకే వేగంతో పోవు. ఒకటి ముందు కొట్టుకుపోతుంది, ఒకటి కాగితం పోగులకి పట్టుకుని ఉంటుంది. అందుకే కొన్ని బ్రౌన్‌లు తడిశాక బూడిద రంగు గీతగానో, నీలి మరకగానో మిగులుతాయి. ఎండకి వెలిసేటప్పుడూ ఇదే కథ. ఒక భాగం ముందు వెలిసి, రాత మొత్తం వేరే రంగులోకి జారుతుంది.

మీ ఇంకులో ఏమున్నాయో ఇంట్లోనే చూడొచ్చు. కాఫీ ఫిల్టర్ పేపరు 2 సెం.మీ. వెడల్పు, 10 సెం.మీ. పొడవు ముక్క కత్తిరించండి. కింది అంచుకి 2 సెం.మీ. పైన ఒక చిన్న చుక్క పెట్టి పూర్తిగా ఆరనివ్వండి. గ్లాసులో 1 సెం.మీ. నీళ్లు పోసి, ముక్కని నిలువుగా వేలాడదీయండి. నీళ్లు కింది అంచుని మాత్రమే తాకాలి, చుక్కని తాకకూడదు. పది నిమిషాల్లో పసుపు, గులాబీ, నీలం చారలుగా విడిపోతాయి. పెట్టిన చోటే ఏదైనా రంగు కదలకుండా ఉండిపోతే, తడి తగిలినప్పుడు కాగితం మీద మిగిలే గీత దాదాపు ఆ రంగులోనే ఉంటుంది. చుక్క నీళ్లలో మునిగితే రంగంతా గ్లాసులోకి దిగి ముక్క పనికిరాకుండా పోతుంది. చాలామంది చేసే పొరపాటు ఇదే.

ఇక వాటర్‌ప్రూఫ్. రెండు దారులు.

పిగ్మెంట్ ఇంకులు: ప్లాటినం బ్రన్ సెపియా, డి అట్రమెంటిస్ డాక్యుమెంట్ బ్రౌన్. ఇందులో రంగు నీళ్లలో కరిగి ఉండదు, సన్నటి రేణువులుగా తేలుతుంది. కాగితం మీద ఆరిందంటే నీళ్లకి కదలదు, వెలుతురుకీ బాగా ఆగుతుంది. చిక్కు ఏమిటంటే పెన్నులో ఆరినా కదలదు. ఆరిన డై ఇంకుని నీళ్లు మళ్లీ కరిగిస్తాయి, ఆరిన పిగ్మెంట్‌ని కరిగించవు.

ఐరన్ గాల్ (ఇనుము ఉన్న పాతకాలపు రకం ఇంకు): ప్లాటినం క్లాసిక్ ఇంకుల్లో సెపియా బ్లాక్. రాసేటప్పుడు బ్రౌన్, గాలి తగిలే కొద్దీ ముదిరి నలుపు-బ్రౌన్ అవుతుంది. చౌక కాగితం మీద అంచులు పాకకుండా నిలబడటంలో ఈ జాతిని మించింది లేదు. కానీ మీరు బ్రౌన్ బ్రౌన్‌లా ఉండాలన్నారు. ఇది మీ ఫైన్‌లో మర్నాటికి నలుపే.

సిరాబుడ్డి

జారే క్యాప్ ఉన్న పైలట్‌లో ఈ రెండూ పోయకండి. పిగ్మెంట్ కావాలంటే ప్లాటినం ప్రెప్పీ లాంటి చవక పెన్ను ఒకటి దానికే కేటాయించండి. దాని క్యాప్‌లో స్ప్రింగుతో నొక్కుకునే లోపలి మూత ఉంటుంది, అందుకే నెలల తరబడి ఆరదు. ఎంత మంచి పెన్నయినా పిగ్మెంట్ ఇంకుతో వదిలేయకూడదు. నాలుగు నుంచి ఆరు వారాలకి ఒకసారి ఖాళీ చేసి కడగాలి.

నూడ్లర్స్ #41 బ్రౌన్ పేరు కూడా వస్తుంది ఈ చర్చల్లో. అది సెల్యులోజ్‌తో చర్య జరిపి అతుక్కునే రకం. కాగితం పోగులకి పట్టుకుంటుంది, కాగితంలో ఇంకని మిగులు పైన ఉండిపోయి చేతికి అంటుతుంది. నున్నటి కాగితం మీద ఆ బెడద ఎక్కువ.

నల్లకోటు

మధ్యలో దూరుతున్నాను. బొమ్మలు వేసేవాళ్లు వాడే వాల్‌నట్ ఇంకు రంగు అద్భుతంగా ఉంటుంది కదా, దాన్ని పలచన చేసి పెన్నులో పోయొచ్చా? సెపియా ఇండియా ఇంకు కూడా ఉంది నా దగ్గర.

చుక్కమరక

రెండూ వద్దు. వాల్‌నట్ పేరుతో దొరికే స్ఫటికాలు చాలావరకు మట్టి నుంచి, పీట్ (కుళ్లిన మొక్కల బురద) నుంచి తీసిన వాన్‌డైక్ బ్రౌన్ అనే రంగు. ముంచి రాసే పాళీకి, కుంచెకి సరే. పాళీ కిందనుంచి ఇంకుని అందించే ఫీడ్‌లోని సన్న కాలవల్లో అడుగున చేరి పూడుస్తుంది. ఇండియా ఇంకుల్లో చాలావాటికి లక్క బంకగా ఉంటుంది. అది పెన్నులో ఆరితే నీళ్లతో రాదు. సీసా మీద ఫౌంటెన్ పెన్నుకి అని స్పష్టంగా రాసి లేకపోతే పోయకండి.

నల్లకోటు

అర్థమైంది. వాటికి ముంచే పాళీలే.

గీతరాత

ఈ థ్రెడ్‌లో ఎవరూ ఎత్తని పేరు వాటర్‌మన్ అబ్సొల్యూట్ బ్రౌన్. పాత పేరు హవానా బ్రౌన్. రంగు మోతాదు మితం, ధార బాగుంటుంది, కడిగితే త్వరగా వదులుతుంది. జారే క్యాప్ ఉన్న ఫైన్‌కి దీనికంటే భద్రమైనది చెప్పడం కష్టం. అందరూ కొత్త పేర్ల వెంట పడతారు, ఇది షెల్ఫులో అలా ఉండిపోతుంది. షేడింగ్ ఓ మోస్తరు. తడికి ఆగదు, అది మాత్రం వదులుకోవాలి.

బ్రాడ్‌కి షేడింగే ముఖ్యమైతే కెడబ్ల్యూజెడ్ హనీ చూడండి. తేనె రంగు నుంచి ముదురు బ్రౌన్ దాకా ఒకే అక్షరంలో కనిపిస్తుంది. ఆ కంపెనీ ఇంకులకి వెనిల్లా లాంటి వాసన ఉంటుంది, కొందరికి పడదు. ఎడెల్‌స్టైన్ స్మోకీ క్వార్ట్జ్ కూడా బాగుంటుంది. పెలికాన్ 2017లో ఆ ఏటి ఇంకుగా తెచ్చింది.

మెరుపు రజను ఉన్న ఎర్బాన్ కరూబ్ ద షీప్ర్ లాంటివి ఈ పనికి కాదు. రజను అడుక్కి దిగుతుంది, ప్రతిసారీ పెన్నుని తిప్పి కలపాలి. కాన్-40, ఫైన్ పాళీ జంటలో అది త్వరగానే ఫీడ్‌ని పట్టేస్తుంది.

కొత్తకలం

జాబితా పెరిగిపోయింది! సీసాలు కొనకుండా తేల్చుకోవడం ఎలా? ఆన్‌లైన్‌లో ఫోటోలు చూస్తే ఒకే ఇంకు ఒక్కోచోట ఒక్కో రంగులో ఉంది.

సిరాబుడ్డి

బ్రౌన్‌కి ఫోటోలు నమ్మొద్దు. కెమెరా తెలుపుని కొంచెం అటూ ఇటూ సర్దితే చాలు, ఎర్ర బ్రౌన్ పచ్చ బ్రౌన్ అయిపోతుంది. నీలాల్లో ఆ తేడా ఇంతగా తెలియదు. దూదిపుల్లతో పూసిన మరకలూ అంతే. పాళీ వదిలేదానికంటే కొన్ని రెట్లు ఎక్కువ ఇంకు పూస్తుంది ఆ పుల్ల.

2 మి.లీ. శాంపిల్ సీసాలు తెప్పించండి. కాన్-40లో పట్టేది 0.4 మి.లీ., ఎకోలో సుమారు 1.7. కాబట్టి ఎకోని శాంపిల్‌తో నింపకండి, అర మి.లీ. చాలు. శాంపిల్ సీసాలో పాళీ మునగదు, పిస్టన్ సగం గాలి పీలుస్తుంది. మొండి సూది ఉన్న సిరంజితో 0.5 మి.లీ. తీసి, పైలట్‌కైతే కన్వర్టర్‌లోకి నేరుగా ఎక్కించండి. ఎకోకైతే పాళీనీ ఫీడ్‌నీ కలిపి నేరుగా బయటికి లాగి తీసి పిస్టన్ గదిలోకి ఎక్కించండి.

పరీక్ష కాగితం మీరు రోజూ రాసేదే కావాలి. ఖరీదైన కాగితం మీద అన్ని ఇంకులూ మంచివే. ఒకే వాక్యాన్ని మీ మామూలు వేగంతో అయిదు వరసలు రాయండి. నెమ్మదిగా అందంగా రాస్తే ఎక్కువ ఇంకు దిగి ముదురుగా కనిపిస్తుంది, మోసపోతారు. తర్వాత అడ్డగీతలు గీసి 5, 10, 15, 20 సెకన్లకి ఒక్కో గీతని వేలితో రుద్దండి. ఏది చెరగదో అది మీ ఆరే సమయం. బ్రాడ్ పాళీ, నున్నటి కాగితం అయితే 30 సెకన్లు దాటినా ఆశ్చర్యం లేదు. రంగు గురించి నిర్ణయం మాత్రం మర్నాడే. తడిగా ఉన్నప్పటి రంగు, ఆరాక ఉండే రంగు వేరు. చాలా బ్రౌన్‌లు ఆరాక కొంచెం వెలవెలబోతాయి.

పగటి వెలుతురులో ఒకసారి, రాత్రి దీపం కింద ఒకసారి చూడండి. పసుపు బల్బు కింద ప్రతి బ్రౌనూ ఎర్రబడుతుంది. మీగడ కాగితం మీద పచ్చ బ్రౌన్‌లు కాగితంలో కలిసిపోతాయి, ఎర్ర బ్రౌన్‌లు నిలబడతాయి.

తడి పరీక్ష: రాసి 24 గంటలు ఆగి, ఒక వరస మీద చుక్కనీరు వేసి 2 నిమిషాల తర్వాత అద్దండి. ఇంకో వరసని పది నిమిషాలు నీళ్లలో నానబెట్టండి. వెలుతురు పరీక్షకి, రాసిన కాగితంలో సగాన్ని నల్లట్ట కింద దాచి ఎండపడే కిటికీకి అంటించి మూడు నాలుగు వారాలు వదిలేయండి.

గీతరాత

ఒకటి కలుపుతాను. నోట్సు ఎప్పుడైనా జిరాక్సు తీయించే పని ఉంటే అదీ పరీక్షించండి. లీ ద తే, హనీ లాంటి లేత రంగులు నలుపు-తెలుపు కాపీలో సగం మాయమవుతాయి. ఫారాల్లో నీలం లేదా నలుపు అని అడిగితే ఈ చర్చ మొత్తం అనవసరం, ఆ పెన్ను వేరే ఉంచుకోవాలి.

కొత్తకలం

యమగురి శాంపిల్ ఇప్పటికే ఉంది. పైలట్‌లో నిజంగానే నలుపులా ఉంది. నీళ్లు కలిపి పలచన చేస్తే బ్రౌన్ బయటపడుతుందా? లేదా ఏదైనా ఆరెంజ్ కలపనా?

ఎబొనైట్_ఫీడ్

నీళ్లు కలపొచ్చు, డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. కుళాయి నీళ్లలో లవణాలూ సూక్ష్మజీవులూ రెండూ ఉంటాయి. 1.8 మి.లీ. ఇంకుకి 0.2 మి.లీ. నీళ్లతో మొదలుపెట్టండి, అంటే పదో వంతు. నచ్చకపోతే అయిదో వంతు దాకా వెళ్లండి. అంతకు మించితే రంగుతో పాటు బూజు పట్టకుండా ఉంచే మందు, ధారని నియంత్రించే పదార్థాలు కూడా పలచబడతాయి. చౌక కాగితం మీద అంచులు పాకడం మొదలవుతుంది. పలచన చేసినది పెద్ద సీసాలోకి ఎప్పుడూ తిరిగి పోయకండి.

పలచన చేస్తే ముదురుతనం తగ్గుతుంది గానీ ఛాయ మారదు. యమగురిలోని ఊదా అలాగే ఉంటుంది. మీకు కావలసింది ఎరుపైతే పలచన చేయడం కంటే వేరే ఇంకు మేలు.

కలపడం సంగతి: ఒకే కంపెనీ, అందులోనూ ఒకే వరస ఇంకుల్నే కలపండి. ఒకటి ఆమ్లం వైపు, ఇంకోటి క్షారం వైపు ఉంటే రంగు విరిగి అడుక్కి దిగుతుంది. అది ఫీడ్‌లో జరిగితే పెన్ను విప్పాల్సిందే. కలపడానికే తయారైనవి కావాలంటే ప్లాటినం మిక్స్ ఫ్రీ వరస ఉంది. అందులో ఎర్త్ బ్రౌన్ ఉంది, పలచన చేసే ద్రవం కూడా విడిగా అమ్ముతారు.

సొంతంగా బ్రౌన్ తేవాలంటే ఆరెంజ్ పది చుక్కలకి నలుపు ఒక చుక్క వేసి చూడండి. నలుపు బలం ఎక్కువ, రెండో చుక్కకే రంగు చచ్చిపోవచ్చు. పచ్చదనం వస్తే ఎరుపు ఒక చుక్క. ఒక్క జాగ్రత్త. నలుపు బదులు బ్లూ-బ్లాక్ వాడేవాళ్లు సీసా ఏ జాతిదో చూసుకోండి. పెలికాన్ 4001 బ్లూ-బ్లాక్, ప్లాటినం బ్లూ-బ్లాక్ రెండూ ఐరన్ గాల్. రాయల్ బ్లూ కూడా వద్దు. చెరిపే పెన్నులు చెరిపేది ఆ నీలాన్నే, క్షారం తగిలితే రంగు పోతుంది. మిశ్రమంలో నీలం పోయిందంటే మీ బ్రౌన్ మళ్లీ ఆరెంజ్‌కి తిరుగుతుంది.

కలిపాక మూతపెట్టి 24 గంటలు కదపకుండా ఉంచండి. టార్చి వెలుతురులో అడుగున మడ్డి, గోడలకి రేణువులు కనిపిస్తే పారబోయండి. ఏమీ లేకపోతే చవక పెన్నులో ఒక వారం, ఆ తర్వాతే మంచి పెన్ను. ఎన్ని చుక్కలు వేశారో సీసా మీద రాసుకోండి. అది రాయనివాళ్లకి నచ్చిన రంగు మళ్లీ దొరకదు.

మసిగుడ్డ

ఇంకు మార్చేటప్పుడు కడగడం గురించి. బ్రౌన్ వదిలిందనుకుంటాం గానీ అందులోని ఎరుపు భాగం చివరిదాకా వేలాడుతుంది. నీళ్లు లేత గులాబీగా వస్తున్నంతసేపూ పెన్నులో ఇంకు ఉన్నట్టే.

చన్నీళ్లు లేదా గోరువెచ్చని నీళ్లే. వేడినీళ్లు వద్దు, ఎబొనైట్ (గట్టిపరిచిన రబ్బరు) రంగు మారుతుంది, ప్లాస్టిక్ వంకరపోవచ్చు. పైలట్‌కి కన్వర్టర్ తీసేసి రబ్బరు బల్బుతో వెనకనుంచి నీళ్లు పంపితే నిమిషంలో అయ్యే పని. ఎకోకి పిస్టన్‌తో నీళ్లు పీల్చి వదలడమే, ఎక్కువసేపు పడుతుంది. మొండికేస్తే ఇంట్లో తుడవడానికి వాడే రంగు, వాసన కలపని అమ్మోనియా ఒక వంతు, నీళ్లు పది వంతులు, గిన్నెల సబ్బు ఒకే ఒక్క చుక్క. పావుగంట ఉంచి, తర్వాత మంచినీళ్లతో బాగా కడగాలి. అల్యూమినియం భాగాలున్న పెన్నుకి ఇది వద్దు. బ్లీచ్, అమ్మోనియా రెండూ ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది.

ఐరన్ గాల్‌కి అమ్మోనియా మొదట వాడకండి, క్షారంలో ఇనుము అడుక్కి దిగుతుంది. ముందు మామూలు నీళ్లు, తర్వాత సిట్రిక్ లేదా ఆస్కార్బిక్ ఆమ్లం పలచటి ద్రావణం, మళ్లీ నీళ్లు. ఎకో పారదర్శకం కాబట్టి గదిలో లేత మరక మిగలొచ్చు, రాతకి అడ్డం కాదు. పిస్టన్ బిగుసుకుంటే సిలికాన్ గ్రీజు అతి కొద్దిగా, ఆవగింజంత.

కొత్తకలం

సరే, ఇలా అనుకుంటున్నాను. పైలట్‌కి వాటర్‌మన్, త్సుకుషి శాంపిళ్లు. ఎకోకి ఏన్షెంట్ కాపర్, హనీ, యమగురి. తడికి ఆగాల్సిన వాటికి ప్రెప్పీలో బ్రన్ సెపియా. ఇంకేమైనా చూసుకోవాలా?

సిరాబుడ్డి

ఒకటి. పైలట్‌లో వారానికి నీరెంత పోతుందో చూడండి. కన్వర్టర్ మీద ఇంకు మట్టం దగ్గర మార్కరుతో గీత పెట్టి, రాయకుండా పడుకోబెట్టి ఉంచండి. 0.4 మి.లీ.లో కొంచెం నీరు పోయినా ఇంకు చిక్కబడుతుంది. మొదటి రోజు ఎర్ర బ్రౌన్‌గా రాసింది ఎనిమిదో రోజు చాకొలెట్‌లా రాస్తుంది. అప్పుడు ఇంకు మారిందనుకోకండి. ఎకోలో ఇంకు ఎక్కువ, క్యాప్ గట్టిది, అక్కడ ఈ తేడా దాదాపు తెలియదు.

మసిగుడ్డ

వారంలో మట్టం కంటికి తెలిసేంత తగ్గితే పైలట్‌కి త్సుకుషి కంటే వాటర్‌మన్ వైపే మొగ్గండి. పలచటి ఇంకు చిక్కబడినా రాస్తుంది.

పాతసీసా

ఆలస్యంగా చూశాను. పార్కర్ పెన్‌మన్ మోకా గుర్తుందా ఎవరికైనా? తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది. మూత తీయని సీసా ఒకటి దొరుకుతోంది. బ్రాడ్ పాళీలో పోయొచ్చా, లేక దాచుకోవడానికేనా?

చుక్కమరక

సీసా బాగుంటే పోయొచ్చు, కానీ నేరుగా కాదు. మూత తీయగానే వాసన చూడండి. కుళ్లు వాసన గానీ, పాత గోనెపట్టా వాసన గానీ వస్తే అక్కడే ఆపేయండి. టార్చి వేసి పైన తేలే పొర, తీగల్లా వేలాడేది ఏమైనా ఉందేమో చూడండి. అది బూజు. వడకట్టినా లాభం లేదు, బూజు బీజాలు వడపోతలోంచి దిగుతాయి. ఆ సీసాలో ముంచిన ప్రతి పెన్నుకీ, ఆ పెన్ను ముంచిన ప్రతి సీసాకీ అంటుకుంటుంది.

అడుగున మడ్డి మాత్రమే ఉంటే అది వేరే సంగతి. నీరు ఆవిరై రంగు పేరుకుని ఉండొచ్చు. సీసా భుజం దాకా ఉండాల్సిన ఇంకు ఎంత కిందికి దిగిందో చూడండి. తగ్గినంత డిస్టిల్డ్ వాటర్ కొద్దికొద్దిగా పోసి, మెల్లగా తిప్పి, రెండు రోజులు ఆగండి. కరిగితే సరి. కరగకపోతే ముంచే పాళీకి వాడుకోండి.

వాడేటప్పుడు శుభ్రమైన చిన్న సీసాలోకి 5 మి.లీ. వంచుకుని అందులోంచే నింపండి. పెద్ద సీసాలో పాళీ ముంచకండి. మిగిలింది వెనక్కి పోయకండి. ఆ సీసా మళ్లీ దొరికేది కాదు.

పాతసీసా

వాసన మామూలుగానే ఉందట, మట్టం ఒక వేలెడు తగ్గిందట. అమ్మేవాళ్లని టార్చి వేసి చూపించమని అడుగుతాను.